కవులను వెదకిన పత్రిక

రాజభాష ఉర్దూయై, పత్రిక పెట్టుటకైనను సర్కారు అనుమతి కావలసియుండిన నైజాము రాష్ట్రమున, 1922లో నల్లగొండనుండి షబ్నవీసు వెంకటరామనరసింహారావుగారు నీలగిరి పత్రికను వెలువరించిరి. ఆ యేడే ఓరుగల్లు సీమయందలి ఇనుగుర్తినుండి ఒద్దిరాజు సోదరుల తెనుగు పత్రికయు బయలుదేఱెను. ఒక జిల్లాకేంద్రమును, ఒక పల్లెయు ఈ భారమును తలకెత్తుకొనుట మిక్కిలి గౌరవింపదగిన విషయము.

1926 మే 10న హైదరాబాదునుండి వెలువడిన గోలకొండ పత్రిక ఆ పనిని విస్తరించెను. దాని సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డిగారు పాలమూరు జిల్లావారు. వార్తలతోపాటు పద్యములకును, కథలకును, గ్రంథవిమర్శలకును, చరిత్రవ్యాసములకును తమ పత్రికయందు చోటిచ్చిరి. తెలంగాణమున కవులు లేరని ఒక పండితుడు వ్రాసినప్పుడు, ఖండనవ్యాసముతో తృప్తిపడక, ఊరూరనున్న కవులను వెదకి, వారి పద్యములు తెప్పించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. ఆ సంపుటమున కవి పేరు, ఆతని ఊరు, కొన్ని పద్యములు; సంస్థాన పండితులతో పాటు మారుమూల పల్లెకవులు; వారిలో స్త్రీలును గలరు. ఆ పద్యములన్నియు ఒకే యెత్తున నున్నవని నేననను. కాని ఊరి పేరుతో సహా అచ్చుకెక్కిన కవిని లేడనుట ఇక నెవరికిని సాధ్యము కాదు. పత్రికలు సంస్కృతికి జేయగల సేవలలో దీనికి మించినది నాకు తోచదు.

ఇది మన సీమకే పరిమితమైన విశేషము కాదు. బ్రెజిలు దేశమున, రియో డి జెనీరోనుండి వెలువడిన జోర్నల్ దో బ్రజీల్ పత్రిక ఆదివారపు అనుబంధమునందే 1959లో నియోకాంక్రీట్ కళాకారులు తమ సిద్ధాంతపత్రమును ప్రకటించిరి. ఆ దేశపు నూతన కళకు దినపత్రికయే వేదిక యయ్యెను.

సామాన్యుల తిండి, బట్ట, ఆట, వేడుకలనుకూడ చరిత్రగా నెంచిన ప్రతాపరెడ్డిగారి దృష్టియే 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రగా రూపొందెను. 1953లో వారు దివంగతులైరి. 1955లో ఆ గ్రంథమునకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను, తెలుగునకు వచ్చిన మొదటి పురస్కారమదియే.

జిల్లా అనుబంధములు నడపు నేటి సంపాదకులు వారమునకొక పుటయైనను తమ జిల్లా కవులకును, చిందు భాగవతులకును, ఒగ్గుకథ చెప్పువారికిని కేటాయింపవలెను. వారి పేరు ప్రక్కన ఊరి పేరునుకూడ తప్పక అచ్చువేయవలెను.