కాలువ చివర సముద్రుడు

రోమ్‌లో ట్రెవీ ఫౌంటెన్ కంటికంటే ముందు చెవికి దొరుకుతుంది. వయా డెల్ కోర్సో రద్దీ వదిలి సందులోకి తిరిగితే, ఐస్‌క్రీం కొట్ల అవతల నుంచి ఒకటే హోరు. వానేమోనని ఆకాశం వంక చూశాను. ఇంకో మలుపు తిరిగేసరికి 26 మీటర్ల ఎత్తున, 49 మీటర్ల వెడల్పున తెల్లటి రాయి ఎదురుగా నిలబడింది. ఇంత కట్టడానికి ఇంత ఇరుకు చోటా అనిపించింది. వెనక్కి జరిగి తీరిగ్గా చూద్దామన్నా కుదరదు. తుంపర మొహాన పడుతుంటే చూడాల్సిందే.

పొద్దున ఏడింటికే వెళ్లాను కాబట్టి సరిపోయింది. పొద్దెక్కితే తిరునాళ్లే. 2024 చివర్లో మరమ్మతులయ్యాక, తొట్టి దగ్గరికి ఒకేసారి 400 మందికి మించి వదలకూడదని నిబంధన పెట్టారు.

మధ్యలో ఆల్చిప్ప రథం మీద సముద్రుడు ఓషియానస్. ముందు రెండు గుర్రాలు, ఒకటి సాధువు, ఒకటి పొగరుబోతు. ఫొటోలన్నీ వీటికే. నాకు మాత్రం పైనున్న రెండు శిల్పఫలకాలే నచ్చాయి. ఒకదాంట్లో రోమన్ సేనాని అగ్రిప్ప, ఈ ఫౌంటెన్‌కు నీళ్లు తెచ్చే కాలువ కట్టే పని చూస్తున్నాడు. రెండోదాంట్లో ఓ అమ్మాయి, దాహంతో ఉన్న సైనికులకు ఊట చూపిస్తోంది. ఆ పిల్ల పేరు మీదే ఈ కాలువను 'కన్య నీరు', ఆక్వా వర్గో అన్నారని ఐతిహ్యం.

కాలువ మాత్రం ఐతిహ్యం కాదు. క్రీ.పూ. 19లో తన స్నానశాలల కోసం అగ్రిప్ప తవ్వించాడు. 20 కిలోమీటర్ల పైచిలుకు పొడవు, చాలామటుకు భూగర్భంలోనే. నీరు పల్లమెరుగు అంటాం గానీ, ఇక్కడ మొదటికీ చివరికీ పల్లం నాలుగు మీటర్లే! ఇంత పొడవునా ఆ వాలు చెడకుండా తవ్వినవాళ్ల చేతికి దణ్ణం పెట్టాలి. క్రీ.శ. 537లో గోత్‌లు రోమ్‌ను ముట్టడించి కాలువలన్నీ తెగ్గొట్టారు. నేల కింద ఉండబట్టి దీని ప్రాణం పూర్తిగా పోలేదు. ఆ తర్వాత పోపులు పూడిక తీయించి మళ్లీ పారించారు.

కాలువ ఊళ్లోకొచ్చి నలుగురికీ కనబడే చోటును ఇటాలియన్లు 'మోస్త్రా' అంటారు, ప్రదర్శన అని. ట్రెవీ అదే. 1732లో పన్నెండో క్లెమెంట్ పోపు ఈ పని నికోలా సాల్వికి అప్పగించాడు. ఖర్చుకు లాటరీ డబ్బులూ వాడారు. పూర్తయ్యేసరికి 1762. సాల్వి 1751లోనే పోయాడు.

కుడివైపు గట్టు మీద ఓ పెద్ద రాతి కూజా ఉంది. పక్క కొట్టులోని మంగలి రోజూ పనికి వంకలు పెడుతుంటే, విసిగిపోయిన సాల్వి అతనికి ఫౌంటెన్ కనబడకుండా దాన్ని అడ్డం పెట్టించాడట. ఇటాలియన్ల పేకముక్కలో బొమ్మలా ఉంటుందని 'కప్పుల ఆసు' అంటారు. ఆ వైపు వెళ్లి నిలబడి చూశాను. కూజా తప్ప ఏమీ కనబడలేదు. కథ నిజమైనా కాకపోయినా, కక్ష మాత్రం అచ్చం మన ఊళ్లో గోడల తగాదాలాంటిదే.

ఇక నాణేలు. వీపు చూపించి, కుడి చేత్తో ఎడమ భుజం మీదుగా విసిరితే మళ్లీ రోమ్‌కు వస్తారని నమ్మకం. రాజమండ్రి వంతెన మీద రైలు కిటికీలోంచి గోదారమ్మకు రూపాయి వేసే అలవాటున్న చెయ్యి కదా, దానంతటదే జేబులోకి పోయింది. వీపు తిప్పడానికి మాత్రం మనసొప్పలేదు. ఎదురుగా నిలబడే వేశాను. ఈ నాణేలను చీపుర్లతో ఒకచోటికి ఊడ్చి, గొట్టంతో పీల్చి తీస్తారు. ఏటా పది లక్షల యూరోలకు పైనే. అదంతా పేదల కోసం కారితాస్ అనే సేవాసంస్థకు వెళ్తుంది.

తిరిగొస్తూ వీధి మూల 'నాసోనె' దగ్గర ఆగాను. పెద్ద ముక్కు అని అర్థం. వంకర గొట్టంతో ఉండే ఈ ఇనప కుళాయిలు 1870ల నుంచీ ఊరంతా ఉన్నాయి, నీళ్లు ఉచితం. నేను దోసిలి పట్టి వంగుతుంటే, కూరగాయల సంచితో వెళ్తున్న పెద్దావిడ ఆగింది. గొట్టం కొస వేలితో మూసింది. పైనున్న చిన్న చిల్లులోంచి నీళ్లు వంపు తిరిగి ఎగిశాయి. వంగకుండా తాగి, సంచి ఎత్తుకుని వెళ్లిపోయింది. నేనూ అలాగే వేలు పెట్టాను. కళ్లజోడు తడిసింది.