పాత కారును ఎత్తే విధానం – అందులోని శాస్త్రం

బరువును పైకి లేపడం ఒక పని. లేపిన బరువును అక్కడే నిలిపి ఉంచడం వేరొక పని. చూపులకు ఈ రెండూ ఒకటిగానే తోస్తాయి. కాని పాత కార్లను ఇంటి ఆవరణలో స్వయంగా బాగుచేసుకొనేవారి ప్రాణం ఈ భేదంపైనే ఆధారపడి ఉంటుంది. జాకీపై నిలిచిన కారు జారి పడితే, కింద ఉన్న మనిషి ఛాతీ అణగిపోయి, ఊపిరాడక కొద్ది నిమిషాలలో మరణించవచ్చు.

ఉదాహరణకు అంబాసిడర్ కారును తీసుకొందాం. బ్రిటనులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాను అనుసరించి, 1950ల చివర కోల్‌కతా సమీపాన ఉత్తరపాడాలో మొదలైన దీని తయారీ 2014లో ఆగిపోయింది. అయినా దీనిని మక్కువతో కాపాడుకొనేవారు నేటికీ ఉన్నారు. దీని బరువు రమారమి 1,150 కిలోగ్రాములు అనుకొందాం. వెనుక ఇరుసువద్ద ఎత్తితే జాకీపై ఇంచుమించు సగం, అనగా 575 కిలోగ్రాములు పడుతుంది.

జాకీ చేసే పని

ఇంత బరువును ఒక్క మనిషి ఎలా ఎత్తగలడు? ఆయిలు జాకీలో పనిచేసేది 17వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్ చెప్పిన సూత్రమే. మూసి ఉన్న ద్రవంలో ఒకచోట కలిగించిన పీడనం అన్ని దిక్కులకూ సమానంగా వ్యాపిస్తుంది. చిన్న ముషలకం వ్యాసం 1 సెంటీమీటరు, పెద్దదాని వ్యాసం 3 సెంటీమీటర్లు అయితే వైశాల్యాల నిష్పత్తి 1:9. కనుక 575 కిలోగ్రాముల భారానికి చిన్న ముషలకంపై 64 కిలోగ్రాముల బలం చాలు. పిడి తులాదండంగా పనిచేసి దానిని 16వ వంతుకు తగ్గిస్తే, చేతికి తగిలేది 4 కిలోగ్రాములే. ఘర్షణవల్ల ఇంకొంచెం ఎక్కువ కావచ్చు. అయితే ఈ లాభం ఊరకే రాదు. కారు 1 సెంటీమీటరు లేవడానికి పిడి కొసను మొత్తంమీద 144 సెంటీమీటర్లు నొక్కాలి.

ఈ జాకీలో భారాన్ని మోసేది ఇనుము కాదు, బంధించిన నూనె. లోపలి వాషరు అరిగినా, కవాటంలో నలక పడినా నూనె జారుతుంది, కారు దిగుతుంది. మర జాకీలో నూనె లేదు. మరల మధ్య ఘర్షణే భారాన్ని ఆపుతుంది. కాని దాని పీఠం ఇరుకు, ఎత్తు ఎక్కువ. కారు కొద్దిగా కదిలినా భారరేఖ పీఠాన్ని దాటిపోయి జాకీ పక్కకు ఒరుగుతుంది. కాబట్టి ఏ జాకీ అయినా ఎత్తడానికే; దానిని నమ్మి కారు కిందికి దూరరాదు.

నిలిపి ఉంచే సాధనం

నిలపడానికి ఉక్కు స్టాండులు కావాలి. వీటి కాళ్లు వెడల్పుగా విస్తరించి ఉంటాయి. భారాన్ని లోహమే నేరుగా నేలకు అందిస్తుంది. రెండు స్టాండులపై పడేది సుమారు 290 కిలోగ్రాముల చొప్పున అయినా, ఒక్కొక్కటి అంతకు ఎన్నోరెట్లు మోయగలదై ఉండాలి. ఇటుకలు, బోలు సిమెంటు దిమ్మలు పనికిరావు. అవి పెళుసు పదార్థాలు. భారం ఒక్కచోట కేంద్రీకరిస్తే ముందస్తు సూచన లేకుండానే పగులుతాయి.

నేలను కూడా చూడాలి. వానకు నానిన మట్టిలో స్టాండు కాళ్లు ఒకవైపు దిగబడవచ్చు. గట్టి సమతలమైన కాంక్రీటు నేలే శ్రేష్ఠం. ఇరవైకి ఒకటి వాలు ఉన్నచోట సైతం ఈ కారును పల్లానికి లాగే బలం 57 కిలోగ్రాములకు పైనే.

కదలకుండా ఆపడం

అంబాసిడర్‌లో చేతిబ్రేకు వెనుక చక్రాలనే పట్టుకొంటుంది. అవి గాలిలో ఉంటే బ్రేకు వృథా. గేరు వేస్తే చాలునా? చాలదు. ఒక వెనుక చక్రాన్నే ఎత్తినప్పుడు, డిఫరెన్షియలు కారణంగా, నేలపై చక్రం ఒకవైపు దొర్లితే గాలిలోని చక్రం ఎదురువైపు తిరుగుతుంది. ఇంజను కదలదు; కారు కదులుతుంది! అందుచేత నేలపై మిగిలిన చక్రాలకు ముందూ వెనుకా చెక్కదిమ్మలు బిగించిన తరువాతే జాకీ పట్టాలి.

పాత కార్లలో తుప్పు మరొక శత్రువు. పైకి రంగు నిగనిగలాడుతున్నా అడుగు రేకు లోలోపల తినివేయబడి ఉండవచ్చు. అట్టిచోట స్టాండు పెడితే రేకును చీల్చుకొని పోతుంది. వెనుకవైపు ఇరుసు గొట్టం కింద, కమాను బిగించిన చోటికి దగ్గరగా పెట్టడం మేలు. ముందువైపు తయారీదారు పుస్తకం చూపిన చోటునే ఎన్నుకోవాలి.

చక్రం విప్పనక్కరలేని పనికి, అనగా నూనె మార్చడం వంటిదానికి, ఉక్కు వాలుబల్లలపైకి కారును ఎక్కించడం సులువైన మార్గం. అప్పుడు కారు తన చక్రాలపైనే నిలుస్తుంది. తక్కిన చక్రాలకు దిమ్మలు మాత్రం తప్పవు.

ఏ సాధనం ఎన్నుకొన్నా, కిందికి వెళ్లేముందు కారును చేతితో గట్టిగా నెట్టి చూడాలి. విప్పిన చక్రాన్ని కారు అంచుకింద పడుకోబెట్టాలి. ఒక ఆధారం తప్పినా రెండవది పట్టుకొనేలా ఏర్పరచడమే ఈ విద్యలోని రహస్యం. ఇనుము, నూనె, నేల – వీటిలో ఏది ఎప్పుడు తప్పిపోతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. రెండవ ఆధారాన్ని అమర్చడం మాత్రం మనిషి చేతిలోనే ఉన్నది.