కంప్యూటరు లెక్క – గాలి సాక్ష్యము

కాలువలో నీరు మెట్టు దిగి పారునప్పుడు మెట్టు క్రింద ఒక సుడి ఏర్పడును. ప్రవాహము కొంత దూరము అడుగును తాకక సాగి, పిదప మరల అడుగు నంటును. ఆ దూరమెంత? ప్రశ్న చిన్నదే. కాని విమానపు రెక్కపై గాలి ఎచట ఉపరితలమును వీడునో చెప్పబూనిన కంప్యూటరు లెక్కను మొదట ఇట్టి మెట్టు వద్దనే పరీక్షించుట వాడుక.

ప్రవాహుల చలనమును తెలుపు నేవియర్–స్టోక్స్ సమీకరణములను ఇట్టి ఆకృతులకు కాగితముపై సూత్రరూపమున సాధింప వీలుకాదు. కావున ప్రవాహస్థలమును చిన్న గడులుగా విభజించి, గడిగడికిని వేగమును, పీడనమును కంప్యూటరుచే లెక్కింతురు. గడి చిన్నదైన కొలది దోషము తగ్గును. మిగిలిన దోషమెంతయో అంచనా వేయు ఉపాయమును ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఎల్. ఎఫ్. రిచర్డ్‌సన్ 1911లో, రాతి ఆనకట్టలోని ప్రతిబలములను లెక్కించు సందర్భమున, చూపెను. తరగతి గదిలోనే దీనిని చేసి చూడవచ్చును. వ్యాసము 1 గల వృత్తములో ఇమిడిన క్రమషడ్భుజి చుట్టుకొలత 3. పండ్రెండు భుజముల బహుభుజికి 3.1058. భుజములు రెట్టింపైనచో దోషము సుమారు నాల్గవ వంతగును. అనగా మిగిలిన దోషము రెండు విలువల భేదములో మూడవ వంతు. దానిని కలిపిన 3.1411 వచ్చును. అసలు వృత్తపు చుట్టుకొలత 3.1416! గడులను సగము చేసి ఇంజనీర్లు చేయు పరీక్షయు ఇట్టిదే.

అయితే ఈ పరీక్ష, సమీకరణమును సరిగా సాధించితిమా యని మాత్రమే చెప్పును. సాధించిన సమీకరణము ప్రకృతికి సరిపోవునా యని చెప్పదు. సంక్షుబ్ధ ప్రవాహములోని సూక్ష్మమైన సుడులన్నిటిని పట్టుకొనగల గడులు నేటి కంప్యూటర్లకును మోయరాని భారము. అందుచే వాని ప్రభావమును ఒక నమూనా ద్వారా ఉజ్జాయింపుగా చేర్తురు. చిక్కంతయు ఇచటనే యున్నది. అమెరికాలో డ్రైవర్, సీగ్‌మిల్లర్ అనువారు 1985లో ప్రకటించిన ప్రయోగములో మెట్టు ఎత్తు 1.27 సెం.మీ. గాలి మరల అడుగు నంటినది 6.26 ఎత్తుల దూరమున, అనగా సుమారు 8 సెం.మీ. వద్ద. కొలతలో దోషపరిమితి 0.10 ఎత్తు అని కూడ వారు తెలిపిరి. హద్దు చెప్పని కొలతతో ఏ లెక్కను తూచగలము? ప్రసిద్ధమైన కె–ఎప్సిలాన్ నమూనాతో లెక్కించినచో గాలి సాధారణముగా ఐదు, ఐదున్నర ఎత్తుల వద్దనే అడుగు నంటును. గడులను ఎంత చిన్నవి చేసినను లెక్క ఆ తప్పు సంఖ్యనే మరింత నిశ్చయముగా పలుకును.

తప్పు ఏ వైపు మొగ్గుచున్నదో గమనింపదగును. రెక్కలపైనను ఈ నమూనా గాలి వీడుటను ఆలస్యముగా చూపును. నిజముగా రెక్క తన ఉత్థాపక బలమును కోల్పోవు కోణమున కూడ లెక్క క్షేమమనియే చెప్పవచ్చును. కొత్త రెక్కలకు వాయు సొరంగములో పరీక్షయు, పిదప గగన పరీక్షయు నేటికిని తప్పలేదు.