పెట్టె పోయిందనుకునే ముందు

పోయిన కోతల కాలములో మా ఇంటి టీ.వీ. ఆగిపోయింది. మామూలు రోజులలో అయితే అంతగా పట్టించుకునేవారము కాదు. కాని మా నాయనమ్మ తుంటి ఎముక విరిగి మంచములో ఉన్నది. తెల్లవారగానే మేమంతా పొలము వెళ్లిపోతే, సాయంత్రము వరకు ఆమెకు తోడు ఆ టీ.వీ. ఒక్కటే. "ఇంట్లో మనిషి మాట వినబడకపోతే పొద్దు పోవడం లేదురా" అని ఆమె అన్నప్పుడు మా మనస్సు కలుక్కుమన్నది.

మాది దూరదర్శన్ వారి డీడీ ఫ్రీ డిష్. నెలనెలా కట్టవలసినది ఏమీ లేదు. బొమ్మ వచ్చిన రెండు నిమిషములకే పెట్టె దానంతటదే ఆగి, మరల మొదటినుండి మొదలయ్యేది. పట్టణములో దుకాణదారుడు సంగతి విని, "సాఫ్ట్‌వేర్ పాడయింది, కొత్త పెట్టె కొనండి" అన్నాడు. అది కూలీలకు డబ్బు ఇవ్వవలసిన వారము. గనుక మేమే బాగుచేయబోయాము. మొదట రిమోట్‌తో ఫ్యాక్టరీ రీసెట్ చేశాము. ఉన్న ఛానళ్లన్నీ పోయాయి. తరువాత మేడ ఎక్కి డిష్‌ను ఇటూ అటూ తిప్పాము. ఒక లోపము ఉన్నచోట మూడు లోపములైనవి!

మూడవ రోజున పొరుగూరిలో డిష్‌లు బిగించే తమ్ముడొకడు వచ్చాడు. అతడు రిమోట్ ముట్టుకోలేదు. స్విచ్ ఆపి, పెట్టె వెనుకనున్న డిష్ కేబుల్ ఊడదీసి, మరల స్విచ్ వేశాడు. అరగంట చూచినా పెట్టె ఆగలేదు. "పెట్టె బాగానే ఉందన్నా, తేడా కేబుల్ వైపు ఉంది" అన్నాడు. కేబుల్ కొనలోని కనెక్టర్ విప్పి చూస్తే, పైజాలీలోని వెంట్రుకంత తీగ ఒకటి మధ్యనున్న రాగి తీగకు తగులుతున్నది. ఆ తీగను కత్తిరించగానే పెట్టె నిలకడగా నడిచింది. కొత్త పెట్టె కొనుమన్న రోగమునకు కత్తెరతో వైద్యము జరిగింది.

అసలు జరిగేదేమిటి?

ఫ్రీ డిష్ ప్రసారములు భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున, 93.5 డిగ్రీల తూర్పు స్థానములో ఉన్న జీశాట్-15 ఉపగ్రహము నుండి వస్తాయి. మన ప్రాంతమునుండి అది ఆగ్నేయ దిక్కున ఉంటుంది. డిష్ ముందు కొమ్మకు బిగించిన చిన్న పరికరమే ఎల్.ఎన్.బి. దానికి కావలసిన 13 లేక 18 వోల్టుల కరెంటును పెట్టె అదే కేబుల్ గుండా పంపుతుంది. తీగలు ఒకదానికొకటి తగిలితే ఆ భారము మోయలేక పెట్టె ఆగి ఆగి మొదలవుతుంది. చూచేవారికి అది సాఫ్ట్‌వేర్ లోపమువలె కనబడుతుంది.

ఉపగ్రహము పంపే సిగ్నల్ పొడవాటి కేబుల్‌లో నిలువలేనంత పెద్ద ఫ్రీక్వెన్సీలో ఉంటుంది. గనుక ఎల్.ఎన్.బి. దానిలోనుండి 9750 తీసివేసి కిందికి పంపుతుంది. ఉదాహరణకు 11090లో 9750 పోగా 1340 మెగాహెర్ట్జ్ పెట్టెకు చేరుతుంది. పెట్టెలో ఈ 9750 బదులు వేరే అంకె ఉంటే, అది లేనిచోట వెదకుతుంది. మా రీసెట్ తరువాత అక్కడ పెద్ద డిష్‌లకు వాడే 5150 వచ్చి కూర్చున్నది. అది తెలియక మేము మేడమీద డిష్‌ను తిప్పుతూ ఉన్నాము!

ఒక్కొక్కటిగా చూడవలెను

1. ముందు ప్లగ్ తీసివేసి కనెక్టర్లు చూడండి. తుప్పు, తడి, తెగిన తీగ ఉన్నదేమో గమనించండి. కేబుల్ తీసినప్పుడు పెట్టె నిలకడగా ఉంటే లోపము బయట ఉన్నది. కేబుల్ తీసినా ఆగుతుంటే అడాప్టర్‌ను అనుమానించండి. అంతే వోల్టులు, సరిపడిన ఆంపియర్లు గల మరొక అడాప్టర్‌తో పరీక్షించవచ్చును.

2. మెనూలో సిగ్నల్ స్ట్రెంగ్త్, క్వాలిటీ అని రెండు గీతలు ఉంటాయి. రెండూ పడిపోతే కేబుల్, ఎల్.ఎన్.బి. చూడవలెను. స్ట్రెంగ్త్ ఉండి క్వాలిటీ సున్నా అయితే డిష్ కదిలియుండవచ్చును, లేదా అంకెలు మారియుండవచ్చును. అంకెలు సరిచూచిన తరువాతనే మేడ ఎక్కండి.

3. మా పెట్టెలో సరిపడిన అంకెలివి: ఎల్.ఎన్.బి. ఫ్రీక్వెన్సీ 9750–10600, ఎల్.ఎన్.బి. పవర్ ఆన్, ఫ్రీక్వెన్సీ 11090, పోలరైజేషన్ వర్టికల్, సింబల్ రేట్ 29500. ఒకటే డిష్ ఉన్నవారు డైసెక్ అనే దానిని ఆపి ఉంచవచ్చును. నెలనెలా డబ్బు కట్టే ప్రైవేటు కంపెనీల పెట్టెలకు ఈ అంకెలు వర్తించవు.

4. పెద్ద వర్షములో బొమ్మ పోతే ఆగి చూడండి. మార్చిలోను, సెప్టెంబరు, అక్టోబరు నెలలలోను సూర్యుడు ఉపగ్రహము వెనుకకు వచ్చే రోజులలో పగటిపూట కొద్ది నిమిషములు ప్రసారము పోవుట సహజమే. ఒకటి రెండు ఛానళ్లే కనబడకపోతే మరల స్కాన్ చేస్తే చాలును. పాత ఎంపెగ్-2 పెట్టెలలో ఎంపెగ్-4 ఛానళ్లు రావు. అది చెడిపోవుట కాదు.

సాఫ్ట్‌వేర్ జోలికి ఎప్పుడు?

పై నాలుగూ చూచిన తరువాతనే. పెట్టె అడుగున ఉన్న మోడల్ నంబరుకు సరిగా సరిపోయే ఫైలునే వేయవలెను. చూచుటకు ఒకే రీతిగా ఉన్న రెండు పెట్టెల లోపలి భాగములు వేరుగా ఉండవచ్చును. ఎవరో ఇచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టకండి. సాఫ్ట్‌వేర్ ఎక్కుచుండగా కరెంటు పోతే బాగున్న పెట్టె కూడా మరల లేవకపోవచ్చును. మన పల్లెలలో కరెంటు సంగతి మీకు తెలిసినదే. గనుక ఆ పనిని తెలిసినవారికే అప్పగించండి. ఉరుములు, మెరుపులు ఉన్నప్పుడు మేడ ఎక్కవద్దు, కేబుల్ ముట్టవద్దు.

ఆ సాయంత్రము డిష్ సరిచేసి, అంకెలు వేసి, ఛానళ్లు స్కాన్ చేసేసరికి చీకటి పడింది. ఆ తమ్ముడు డబ్బు తీసుకోలేదు. నాయనమ్మ బలవంతము మీద అన్నము తిని వెళ్లాడు. వెళ్లుచు, "అంకెలు కాగితం మీద రాసుకోండి, ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చింది గుర్తుపెట్టుకోండి" అన్నాడు. ఆ కాగితము ఇప్పుడు మా అలమారు తలుపు లోపల అంటించియున్నది. మీ ఇంటిలోను, పెట్టె బాగున్న రోజుననే, ఈ పని చేసి పెట్టుకొనండి.