డిష్ దూరమైతే సిగ్నల్ ఎక్కడ పోతుంది?

2020 సెప్టెంబరు 1న టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానెళ్ళలో బడి పాఠాలు మొదలైనప్పుడు హాస్టళ్ళు మూసి ఉన్నాయి. వికారాబాద్ హాస్టల్లో ఉండే మేము ముగ్గురం తాండూరు దగ్గరి మా ఊరికి చేరాము. మా వాడలో పదో తరగతి పిల్లలు ఐదుగురు. వాళ్ళందరికీ ఒకే టీవీ, ఆ ఇంటి మీద ఓ పెద్ద చింతచెట్టు.

డీడీ ఫ్రీ డిష్ సిగ్నల్ 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీదుండే జీశాట్-15 ఉపగ్రహం నుండి వస్తుంది. మన వైపు నుండి చూస్తే అది ఆగ్నేయ దిక్కున, సుమారు 63 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. అనంతగిరి గుట్టలు అడ్డొస్తాయన్నది ఉత్త మాట. అడ్డొచ్చేది నెత్తిమీది కొమ్మలే. చెట్టు కొట్టలేము కనుక వీధి అవతలి మేడ మీద డిష్ పెట్టి 60 మీటర్ల కేబుల్ లాగాము. బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగిపోయేది. వాన వస్తే అది కూడా లేదు.

"దూరం ఎక్కువైంది, బూస్టర్ పెట్టండి" అన్నారు అందరూ. తలా కొంత వేసుకుని కొని టీవీ వెనక తగిలించాము. తెర మీద స్ట్రెంగ్త్ గీత పెరిగింది, క్వాలిటీ గీత కదల్లేదు. పాఠం రాలేదు, డబ్బులు పోయాయి.

అసలు సంగతి తర్వాత చదువుకుంటే తెలిసింది. డిష్ ముందుండే ఎల్‌ఎన్‌బీ ఉపగ్రహ సిగ్నల్‌ను 950 నుండి 2150 మెగాహెర్ట్జ్‌లకు దించి, లక్ష రెట్లకు పైగా పెంచి కిందికి పంపుతుంది. మామూలు ఆర్‌జీ-6 కేబుల్ 60 మీటర్లలో దాన్ని సుమారు 15 డెసిబెల్స్, అంటే ముప్పయ్యో వంతుకు తగ్గిస్తుంది. వినడానికి ఘోరంగా ఉన్నా బాక్సుకు ఆ మిగిలిందే చాలు. అంటే లెక్క ప్రకారం మాకు బొమ్మ రావాలి!

అప్పుడు కేబుల్ పొడవునా తడుముతూ నడిచాము. అది మూడు ముక్కలు. రెండు చోట్ల తీగలు మెలిపెట్టి నల్ల టేపు చుట్టి ఉంది. విప్పితే లోపల నీళ్ళు, రాగికి పచ్చగా చిలుము. దొంగ దొరికాడు. అతుకు లేని కొత్త కేబుల్ వేసి, రెండు చివరలా ఎఫ్-కనెక్టర్లు బిగించి, క్వాలిటీ గీత చూస్తూ డిష్‌ను వెంట్రుకవాసి జరిపాము. బూస్టర్ తీసేసినా బొమ్మ నిలిచింది.

బూస్టర్ అసలు వద్దని కాదు. కేబుల్ వంద మీటర్లకు దగ్గరైతే అవసరం పడొచ్చు. కానీ దాన్ని డిష్ దగ్గరే పెట్టాలి. డైనింగ్ హాల్ గోలలో వార్డెన్ సారు మాట వినిపించాలంటే మైకు ఆయన నోటి దగ్గర పెడతామా, చివరి వరుసలోనా? చివర పెడితే గోల కూడా పెరుగుతుంది. ఇంకో మాట. ఎల్‌ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టుల కరెంటు ఇదే కేబుల్‌లో బాక్సు నుండి పైకి పోతుంది. ఇనుప తీగకు రాగి పూత పూసిన చౌక కేబుల్ పొడవైన కొద్దీ ఆ వోల్టేజి కూడా పడిపోతుంది. దూరం ఎక్కువుంటే అచ్చ రాగి తీగదో, మందపాటి ఆర్‌జీ-11నో అడగండి.

మేడ నుండి డైనింగ్ హాల్‌కు లాగిన కేబుల్ ఏ హాస్టల్లోనూ 60 మీటర్లు దాటడం మేము చూడలేదు. తమ్ముళ్ళూ, ఈసారి బొమ్మ పోతే చందా వేసుకునే ముందు మెట్ల దగ్గరి ఆ నల్ల టేపు విప్పి చూడండి.