నీళ్లని పరీక్షించే నువ్వుగింజ!

పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో తెలియాలంటే ఏం చేస్తాం? గరిటెతో కాస్త తీసి రుచి చూస్తాం. మరి ఫ్యాక్టరీ శుద్ధిచేసి వదిలే నీళ్ల సంగతి? మనకోసం వాటిని 'రుచి చూసే' ప్రాణి ఒకటుంది. పేరు డాఫ్నియా.

చెరువుల్లో బతికే ఈ జీవి నువ్వుగింజంత ఉంటుంది. రొయ్యకి దూరపు చుట్టం. ఒళ్లు అద్దంలా ఉండటంతో మైక్రోస్కోపులో గుండె కొట్టుకోవడమూ కనిపిస్తుంది. ఇంకో విశేషం... తిండీ నీళ్లూ బాగున్నంతకాలం మగతోడు లేకుండానే పిల్లల్ని పెడుతుంది. పుట్టేవన్నీ ఆడపిల్లలే! అన్నీ ఒకే అచ్చు. పరీక్షకి అంతకంటే ఏం కావాలి?

పరీక్ష ఇలా...

పుట్టి 24 గంటలు నిండని పిల్లల్ని ఇరవై తీసుకుని, అయిదేసి చొప్పున నాలుగు గాజు గిన్నెల్లో ఆ నీళ్లలో వదులుతారు. పోల్చి చూడ్డానికి పక్కనే మంచినీళ్లలో మరికొన్ని. 48 గంటలయ్యాక గిన్నెని మెల్లగా కదుపుతారు. 15 సెకన్లలో ఈదలేకపోతే అది పడిపోయినట్టే లెక్క.

రసాయన పరీక్షలుండగా ఇదెందుకు అంటారా? అవి మనం అడిగినవాటినే కొలుస్తాయి. అడగనివీ, నాలుగు కలిసి చేసే చేటూ ప్రాణికే తెలుస్తాయి. అలాగని డాఫ్నియా ఈదిన నీళ్లు తాగొచ్చని కాదు. రోగక్రిముల సంగతి అది చెప్పలేదు.

పటాన్‌చెరు పాఠం

పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగుని శుద్ధిచేసే కేంద్రం వదిలిన నీళ్లలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో బయటపెట్టారు. డాక్టరు రాసిస్తే మనం వేసుకునే యాంటీబయాటిక్కే అది! 2009లో వచ్చిన మరో పరిశోధన ఇంకా కలవరపెట్టింది. ఆ నీళ్లు 0.2 శాతం కలిపితేనే తోకకప్పల ఎదుగుదల 40 శాతం తగ్గింది. 'శుద్ధి' అయిన నీళ్లు సుమండీ!

మన దేశంలోనూ నిబంధన ఉంది. శుద్ధిచేసిన నీళ్లలో మంచినీళ్లు చుక్క కూడా కలపకుండా చేపల్ని 96 గంటలు ఉంచితే నూటికి 90 బతకాలి.

మీ ప్రాంతంలో ఫ్యాక్టరీ విస్తరణకి ప్రజాభిప్రాయ సేకరణ పెడితే తప్పకుండా వెళ్లండి. "చేపల పరీక్ష చేశారా? ఫలితం చూపించండి" అని అడగండి. బిందె మోసేది మనం, పిల్లలకి ఆ నీళ్లు పట్టేది మనం. అడగాల్సిందీ మనమే కదూ!