కుళాయి కారితే ఏం చెయ్యాలి, ఎవరిని పిలవాలి?

(9వ తరగతి విద్యార్థిని)



నీటిని పొదుపు చెయ్యాలని మన గోడపత్రికలో ఇప్పటికి ఎన్నోసార్లు రాశాం. రంగు స్కెచ్‌లతో నీటి బొట్టు బొమ్మ కూడా వేశాం. ఆ బొమ్మ కింద నిలబడి పళ్ళు తోముకుంటుంటే పక్కన కుళాయి కారుతూనే ఉంది. సూక్తి రాసినంతమాత్రాన కుళాయి ఆగదు కదా. అందుకని ఈసారి సూక్తి రాయడం లేదు, వాషరు గురించి రాస్తున్నాను. మా చిన్నాన్న పాడేరు చుట్టుపక్కల ప్లంబింగ్ పని చేస్తాడు. సెలవుల్లో ఆయన వెంట పానాలు మోసుకుంటూ తిరిగి నేర్చుకున్నదీ, మన హాస్టల్లో చూసినదీ కలిపి రాస్తున్నాను.

ముందుగా ఒక లెక్క. స్నానాల గదుల వరసలో చివరి కుళాయి కింద ఒక లీటరు మగ్గు పెట్టి గడియారం చూశాను. పదిహేను నిమిషాల్లో నిండింది. అంటే గంటకు 4 లీటర్లు. రాత్రి పది గంటలకు మనం పడుకుని తెల్లవారి అయిదింటికి లేచేలోపు 28 లీటర్లు పోతాయి. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్ల నీళ్ళు ఇవ్వాలని లెక్క పెట్టుకుంది. అందులో సగం ఒక్క కుళాయిలోంచి, అదీ మనం నిద్రపోతున్నప్పుడు పోతోంది. ఉదయం వరసలో చివర నిలబడే ఆరో తరగతి చెల్లెళ్ళకు నీళ్ళు ఎందుకు చాలవో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది.

కుళాయి ఎందుకు కారుతుంది? మన పాత ఇత్తడి కుళాయిల్లో పిడి తిప్పితే లోపలి ఊచ కిందికి దిగుతుంది. దాని అడుగున చిన్న రబ్బరు బిళ్ళ ఉంటుంది. అదే వాషరు. అది నీళ్ళొచ్చే రంధ్రం మీద కూర్చుని మూస్తుంది. అంతే, అందులో ఇంకో మాయ లేదు. రబ్బరు అరిగితే సందు పడి నీళ్ళు కారతాయి. అప్పుడు మనమేం చేస్తాం? ఇంకా బలంగా బిగిస్తాం. ఆ బలానికి రబ్బరు కోసుకుపోయి మరింత కారుతుంది. "కుళాయి మొండిది" అని అనుకుంటాం గానీ పాపం దాని తప్పేం లేదు.

వాషరు మార్చడానికి మేస్త్రి అక్కర్లేదు. పెద్ద క్లాసు వాళ్ళు మేడం గారికి చెప్పి చెయ్యవచ్చు. మొదట ఆ లైనుకు నీళ్ళొచ్చే గేటు వాల్వు కట్టెయ్యాలి. తరవాత కుళాయి తెరిచి పైపులో మిగిలిన నీళ్ళు వదిలెయ్యాలి. ఈ రెండూ చెయ్యకుండా పానా పట్టుకుంటే కుళాయి తల చేతిలోకొచ్చి నీళ్ళు మొహాన కొడతాయి. పానాతో పై తల విప్పితే ఊచ బయటికొస్తుంది. పాత వాషరు తీసి అదే సైజు కొత్తది పెట్టి మళ్ళీ బిగించాలి. మామూలు కుళాయికి అరంగుళం వాషరు సరిపోతుంది. పాతదాన్ని పారెయ్యకుండా కొట్టుకు పట్టుకెళ్ళి దానితో పోల్చి కొనడం మంచి పద్ధతి.

కొత్త వాషరు వేసినా వారంలోనే మళ్ళీ కారితే తప్పు రబ్బరుది కాదు. రబ్బరు కూర్చునే ఇత్తడి అంచు గుంటలు పడి ఉంటుంది. అప్పుడు మేస్త్రి దాన్ని సాపు చెయ్యాలి, లేదా కుళాయే మార్చాలి. కొన్ని కుళాయిలు మూసినప్పుడు బాగానే ఉండి, తెరిచినప్పుడు పిడి మొదట్లోంచి కారతాయి. దానికి పిడి కిందున్న నట్టును కొంచెం, పావు చుట్టు బిగిస్తే చాలు. ఇక కొత్త బ్లాకులో ఉన్నవి సగం చుట్టైనా తిరగవు, పావు చుట్టుకే తెరుచుకుంటాయి. వాటిలో రబ్బరు బిళ్ళ ఉండదు, పింగాణీ బిళ్ళలు ఉంటాయి. అవి పాడైతే లోపలి ముక్క మొత్తం మార్చుకోవాలి. ప్లాస్టిక్ కుళాయిలను మాత్రం ఎవరూ పానాతో గట్టిగా బిగించకండి, పగులుతాయి.

ఇప్పుడు మేడ మీది అక్కలకూ కింది గదుల వాళ్ళకూ రోజూ జరిగే గొడవ సంగతి. "మీరు కింద తిప్పేసి మా నీళ్ళు లాగేసుకుంటున్నారు" అని మేడ మీది వాళ్ళు అంటారు. ఇందులో కొంత నిజం ఉంది, కానీ దొంగతనం లేదు. నీళ్ళ ఒత్తిడి ట్యాంకు ఎంత ఎత్తున ఉందన్న దాన్నిబట్టి వస్తుంది. పది మీటర్ల ఎత్తుకు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి అని సైన్సు పుస్తకం లెక్క. ట్యాంకులో నీటి మట్టం కింది కుళాయికి 5 మీటర్ల పైన ఉంటే అక్కడ అరకిలో ఒత్తిడి. మేడ మీది కుళాయి ఇంకో 3 మీటర్ల పైన ఉంటుంది కాబట్టి దానికి మిగిలేది 2 మీటర్లే, అంటే పావుకిలో కూడా లేదు. కింద నాలుగు కుళాయిలు ఒక్కసారి తెరిస్తే ఆ కాస్తా పోతుంది. దీనికి మేస్త్రి వచ్చి మేడకు వేరే పైపు వేస్తే తప్ప వేరే మందు లేదు. అప్పటిదాకా కింది వాళ్ళు రెండేసి కుళాయిలే తెరుచుకుంటే గొడవ తగ్గుతుంది.

కొండ మీది ఊట నుంచి పైపులో నీళ్ళు దిగే ఊళ్ళు మనలో చాలామందికి ఉన్నాయి. మోటారు లేదు, కరెంటు లేదు, నీళ్ళు వాటంతటవే వస్తాయి. ఒక్కోసారి ఊటలో నిండా నీళ్ళున్నా ఊళ్ళో కుళాయి బుస్సుమని ఊరుకుంటుంది. పైపు ఎక్కడో దిబ్బ ఎక్కి దిగే చోట పైవంపులో గాలి చేరి అడ్డం పడుతుంది. ఊరికి అన్నిటికన్నా పల్లంలో ఉన్న కుళాయిని పూర్తిగా తెరిచి కాసేపు వదిలేస్తే చాలాసార్లు గాలి తోసుకుని బయటికొస్తుంది. పైపును రాయితో కొట్టడం వల్ల గాలి పోదు, పైపు పోతుంది. అదే వంపు దగ్గర మాటిమాటికీ ఆగుతుంటే అక్కడ గాలి వాల్వు పెట్టించమని మేస్త్రికి చెప్పాలి.

ట్యాంకు పొర్లిపోతుంటే లోపలి తేలుడు బంతిని చూడాలి. నీళ్ళతో పాటు అది పైకి తేలి, దాని చెయ్యి వాల్వును మూస్తుంది. బంతికి చిల్లి పడి లోపల నీళ్ళు చేరితే తేలదు, వాల్వు మూసుకోదు. చెవి దగ్గర పెట్టి ఊపితే గలగలమంటుంది, ముదురు కొబ్బరికాయలాగ. బంతి ఒక్కటే మారిస్తే సరిపోతుంది. కానీ ట్యాంకు ఎక్కడం మన పని కాదు, అది పెద్దవాళ్ళు చూసుకుంటారు.

స్నానాల గదిలో నీళ్ళు నిలిచిపోవడానికి కారణం మనమే. జాలీ తీసి చూస్తే జుట్టు, షాంపూ పొట్లాల ముక్కలు, సబ్బు అరుగు. ఒక వంకర తీగతో లాగితే చాలా వరకు వచ్చేస్తుంది. మరుగుదొడ్డి మూసుకుపోవడం గురించి రాయడానికి సిగ్గు పడనక్కర్లేదు. ప్యాడ్లు అందులో వెయ్యకూడదు. అవి నీటిలో కరగవు, ఉబ్బి పైపు వంపులో బిగుసుకుంటాయి. కాగితంలో చుట్టి డబ్బాలో వేస్తే సరిపోతుంది. ఒకే దొడ్డి మూసుకుపోతే అడ్డం దగ్గర్లోనే ఉన్నట్టు. పక్కపక్కన ఉన్నవన్నీ ఒకేసారి పొంగితే అడ్డం బయట పెద్ద లైనులోనో, సెప్టిక్ ట్యాంకు నిండటం వల్లనో. అది కర్రతో పొడిస్తే పోయేది కాదు, మేస్త్రిని పిలవాల్సిందే.

వేసవి సెలవుల తరవాత వచ్చేసరికి గదులన్నీ కంపు కొట్టడం మీకందరికీ తెలుసు. పైపు పగిలిందని కంగారు పడనక్కర్లేదు. ప్రతి తూము కింద వంపులో కొంచెం నీరు నిలిచి, లోపలి వాసనను పైకి రానివ్వకుండా మూతలా ఉంటుంది. రెండు నెలలు ఎవరూ వాడకపోతే ఆ నీరు ఎండిపోతుంది. ప్రతి తూములో ఒక మగ్గు, ప్రతి దొడ్డిలో అర బకెట్టు నీళ్ళు పోస్తే చాలు.

ఇంతవరకు చెప్పినవాటిలో మన పని ఏది, మేస్త్రి పని ఏది అని విడదీయడానికి నేను ఒక గుర్తు పెట్టుకున్నాను. కారేది కళ్ళకు కనబడుతూ, ఏ వాల్వు కడితే ఆగుతుందో తెలిస్తే అది మన చేతి పని. గోడలో, నేలలో దాక్కున్నదీ, కరెంటుతో కలిసినదీ, మురుగుతో కలిసినదీ మన పని కాదు. గోడ మీద తడి మరక రోజురోజుకూ పెరగడం, ఎవరూ వాడకపోయినా ట్యాంకు ఖాళీ అవడం, నేల ఒకచోట ఎప్పుడూ చిత్తడిగా ఉండడం ఈ రకానివే. కుళాయి ముట్టుకుంటే జివ్వుమన్నా అంతే. ఎవరూ ముట్టుకోకుండా చూసి, మెయిన్ ఆపమని పెద్దవాళ్ళకు చెప్పాలి. దానికి ప్లంబరు కాదు, ఎలక్ట్రీషియన్ రావాలి.

భూమిలో పగిలిన పైపును "నీళ్ళు పోతున్నాయి, అంతే కదా" అని తేలిగ్గా తీసుకోకూడదు. పైపులో నీళ్ళున్నంతసేపూ పగులులోంచి బయటికి పోతాయి. నీళ్ళు ఆపేసినప్పుడు పైపు ఖాళీ అవుతూ అదే పగులులోంచి బయటి తడిని లోపలికి పీల్చుకోగలదు. పక్కన మురుగు కాలువ ఉంటే ఆ మురుగే లోపలికి వస్తుంది. మర్నాడు మనం తాగేది అదే. విరేచనాలు, కామెర్లు వ్యాపించే దారుల్లో ఇదొకటి. గొట్టం చివర మురికి బకెట్టులో ముంచి వదిలేసినా ఇదే జరగవచ్చు. అందుకని నీళ్ళు మసకగా ఉన్నా, వాసన వేసినా తాగడం ఆపి వెంటనే చెప్పాలి. బాగుచేసే వరకు కళపెళ కాగిన నీళ్ళే తాగాలి.

ఇంకో రెండు సంగతులు ప్రాణానికి సంబంధించినవి. మన స్టోరు గదిలో బ్లీచింగ్ పౌడరు, దొడ్లు కడిగే యాసిడ్ ఒకే అలమారలో ఉన్నాయి. ఈ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాసు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర సైనికుల మీదికి వదిలింది ఈ గ్యాసునే. కంపు పోవాలని ఒకదాని మీద ఒకటి ఎన్నడూ పొయ్యవద్దు. పొరపాటున కలిస్తే వెంటనే బయటికి వచ్చెయ్యాలి, దగ్గు ఆగకపోతే ఆసుపత్రికి వెళ్ళాలి. ఆ రెండూ వేర్వేరు చోట్ల పెట్టించమని మేడం గారిని ఈ పత్రిక ద్వారా కోరుతున్నాను.

రెండోది సెప్టిక్ ట్యాంకు. దాని మూత ఎవరూ తియ్యకూడదు, చెప్పు పడినా, బంతి పడినా సరే. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఉంటుంది. కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుంది గానీ ఎక్కువ మోతాదులో ఉంటే ముక్కు ఆ వాసనను పట్టలేదు. వాసన లేదు కదా అని దిగినవాడు అక్కడే పడిపోతాడు. వాణ్ణి తీద్దామని దిగిన రెండోవాడూ పడిపోతాడు. పేపర్లలో ఒకే ట్యాంకులో ఇద్దరు ముగ్గురు పోయారని చదివేది ఇందుకే. ఎవరైనా పడితే దిగకుండా కేకలు వేసి, 101కీ 108కీ ఫోను చేయించాలి.

మేస్త్రి అయినా సరే దిగకూడదు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. ఇలా చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షల రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. ఈ పని మాన్పించడానికి పోరాడుతున్న బెజవాడ విల్సన్ గారు కోలారు బంగారు గనుల్లో ఒక తెలుగు కుటుంబంలో పుట్టినవారు. 2016లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. మన ట్యాంకుకు పీల్చే బండి రావాలి. రెండు మూడేళ్ళకొకసారి, పొంగకముందే పిలిస్తే మేలు. "వందో రెండొందలో ఇస్తాం, దిగి తియ్యి" అని ఎవరినీ అడగవద్దు.

ఇక మేస్త్రిని పిలిచేటప్పుడు "కుళాయి పాడైంది, రండి" అంటే ఆయన వచ్చి చూసి, సామాను కోసం మళ్ళీ టౌనుకు పోతాడు. ఒక రోజు దండగ, ఛార్జీలు దండగ. మా చిన్నాన్న ఎప్పుడూ విసుక్కునేది దీనికే. చీటీలో ఏ గది, ఎప్పటినుంచి, మూసినా కారుతోందా తెరిస్తేనే కారుతోందా, పైపు ఇనుపదా ప్లాస్టిక్‌దా, అరంగుళమా ముప్పావా అన్నవి రాస్తే ఆయన సరైన సామానుతోనే బయలుదేరతాడు. ఇనుప పైపుకు మరలు, టెఫ్లాన్ టేపు కావాలి. ప్లాస్టిక్ పైపుకు సొల్యూషన్ కావాలి. ఆయన వచ్చేలోపు పగిలిన చోట సైకిల్ ట్యూబు ముక్కను సాగదీసి గట్టిగా చుట్టి, పైన తాడుతో కడితే కొంత ఆగుతుంది. అది ఆ పూటకే, ఆ నెలకు కాదు.

మన హాస్టల్లో వాల్వులు మూడు ఉన్నాయి. ట్యాంకు కిందున్నది మొత్తానిది, స్నానాల గదుల వెనక ఉన్నది కింది వరసది, మెట్ల పక్కన ఉన్నది మేడది. మేడం గారు ఒప్పుకుంటే ఆదివారం నాడు వాటికి మూడు రంగులు వేద్దాం. ఆరు వాషర్లు, ఒక టేపు చుట్ట మేడం గారి బల్ల సొరుగులో ఉన్నాయి. చివరి కుళాయికి వాషరు రేపు సాయంత్రం ఆటల పీరియడులో మారుస్తాను. చూడాలనుకున్నవాళ్ళు రండి, పానా పట్టుకోవడానికి ఒకరు కావాలి.